ఇసుక లేని ఉప్పునీటి ట్యాంకు: నీళ్లు నింపడం నుంచి సైకిల్ పూర్తయ్యేదాకా నా అనుభవం

ఉప్పునీటి అక్వేరియంలో ఇసుక పరవకుండా అడుగు గాజును అలాగే వదిలేస్తే దాన్ని బేర్ బాటమ్ అంటారు. చూడ్డానికి కొంచెం బోడిగా ఉంటుంది, కాదనను. కానీ చేపల మలం, తినకుండా వదిలేసిన మేత, రాళ్ల నుంచి రాలే పొడి ఎక్కడ పోగవుతున్నాయో కళ్లముందే కనబడుతుంది. సన్న ట్యూబు పెట్టి లాగేస్తే పోతుంది. ఇసుక ఉంటే ఆ చెత్తంతా లోపలికి దిగి, నెలల తర్వాత నైట్రేటుగా, ఫాస్ఫేటుగా బయటపడుతుంది. హైదరాబాద్‌లో ఫ్లాటులో, చేపలు మాత్రమే ఉండే ట్యాంకుకి నేను ఈ పద్ధతి ఎంచుకున్నాను. ఏం వాడాను, ఎంత వాడాను, ఏ దశలో ఏం తేడా కొడుతుంది అన్నది రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. ఇసుక తీసేస్తే అది చేసే పనులు ఎవరో ఒకరు చేయాలి. అమ్మోనియాను తినే బాక్టీరియా నీళ్లలో తేలుతూ బతకదు, ఏదో ఒక ఉపరితలాన్ని పట్టుకుని ఉంటుంది. ఇసుక లేనిచోట ఆ బరువంతా రాళ్ల మీద, సంప్‌లో, అంటే ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టిలో, వేసే సిరామిక్ మీడియా మీద పడుతుంది. వాటిలోకి నీళ్లు జోరుగా వెళ్లకపోతే ఎంత రాయి పెట్టినా దండగే. కాబట్టి బేర్ బాటమ్‌లో బాక్టీరియా కంటే ముందు ఆలోచించాల్సింది నీటి కదలిక గురించి. ఆ బాక్టీరియా పెరిగి, అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే స్థితికి రావడాన్నే సైకిల్ అంటారు. ట్యాంకు ఖాళీగా ఉండే ఆ సైకిల్ రోజులే నీటి కదలికను సరిచేసుకోడానికి వీలైన రోజులు. చేపలు వచ్చాక రాళ్లు కదపడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ట్యాంకు 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు, 10 ఎంఎం గాజు. కింద సంప్. సంప్‌తో కలిపి మొత్తం పట్టే నీళ్లు 180 లీటర్లు. ఈ అంకె కొలతల నుంచి లెక్కగట్టింది కాదు, నింపేటప్పుడు బకెట్‌తో కొలిచింది. తర్వాత వేసే ప్రతి మందు మోతాదు దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి ఆ కాస్త ఓపిక పట్టాలి. నీళ్లు, గాజు, రాళ్లు, స్టాండు కలిస్తే 300 కిలోలకు దగ్గరగా వస్తుంది. అందుకే గది మధ్యలో కాకుండా, బీము ఉన్న గోడ వారగా పెట్టాను. స్టాండుకీ ట్యాంకుకీ మధ్య 10 ఎంఎం థర్మోకోల్ షీటు. ఇసుక లేదు కాబట్టి అడుగు గాజులోంచి థర్మోకోల్ గళ్లు కనబడతాయి. దాని బదులు నీళ్లు పోయకముందే గాజు కింది వైపు, అంటే బయటి వైపు, రంగు వేయించుకోవాలి. తెలుపు వేస్తే చెత్త స్పష్టంగా కనబడుతుంది, నలుపు వేస్తే చేపలు అందంగా కనబడతాయి. నేను ముదురు బూడిద రంగు వేయించాను.

అడుగున హెచ్‌డీపీఈ షీటు, అంటే కూరగాయలు కోసే తెల్ల ప్లాస్టిక్ పలక లాంటిది, వేయమని చాలామంది సలహా ఇస్తారు. రాయి జారిపడినా గాజు పగలదని. ఆ ఆలోచన మంచిదే గానీ హెచ్‌డీపీఈ నీళ్ల కంటే తేలిక, పైకి తేలుతుంది. అతికిద్దామంటే సిలికాన్ దానికి సరిగా పట్టదు. రాళ్ల బరువుతో అణిచిపెడితే షీటుకీ గాజుకీ మధ్య సందులో చెత్త చేరి, గాలి ఆడక కుళ్లుతుంది. ఇసుక వద్దనుకున్నదే ఆ బాధ పడలేక, మళ్లీ దాన్ని షీటు కింద దాచుకోవడం ఎందుకు? అందుకే షీటు మానేసి, రాయి గాజుకు ఆనే చోట్ల మాత్రం చిన్న అక్రిలిక్ ముక్కలు పెట్టాను.

రాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సముద్రం నుంచి జీవాలతో సహా తెచ్చిన లైవ్ రాక్ అని ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ వైపు నుంచి వచ్చే రాయిలో చాలా భాగం చచ్చిన పగడమే, దాన్ని కొనడం, ఇంట్లో ఉంచడం నేరం. చట్టంతో పాటు ఇంకో లాభం కూడా ఉంది: జీవాలు లేని పొడి రాయి, అంటే డ్రై రాక్‌తో పెడితే చేపల్ని కొరికే పురుగులు, పీతలు, పీకినా పోని ఐప్టేసియా అనే కుట్టే జీవి లాంటివి వెంట రావు. నేను సముద్రంతో సంబంధం లేకుండా, సిరామిక్‌తో తయారుచేసిన డ్రై రాక్ 12 కిలోలు, సంప్‌లోకి సిరామిక్ దిమ్మెలు రెండు తీసుకున్నాను. ఇంట్లో సిమెంటుతో రాళ్లు పోసుకునేవాళ్లు కూడా ఉన్నారు. అవి వారాల తరబడి నీళ్లు మారుస్తూ నానబెడితే గానీ పీహెచ్ పెరగడం ఆగదు.

రాయిని ముందు ఆర్ఓ నీళ్లలో చిన్న పంపు పెట్టి వారం నానబెట్టాలి. ఆ నీళ్లలో ఫాస్ఫేటు చూస్తే రాయి ఎలాంటిదో తెలుస్తుంది. 0.1 పీపీఎం (లీటరుకు 0.1 మిల్లీగ్రాము) దాటితే నీళ్లు పారబోసి మళ్లీ నానబెట్టడం మంచిది. తర్వాత అమరిక. బేర్ బాటమ్‌లో రాళ్లను కుప్పగా పోయకూడదు. మూడు కాళ్ల మీద నిలిచేలా, అడుగున కనీసం నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ ఉండేలా కట్టాలి. ఆ ఖాళీలోంచే నీళ్లు పారి చెత్తను బయటికి తోస్తాయి. అతకడానికి జెల్ రకం సూపర్ గ్లూ రాసి, దాని మీద వంటసోడా చల్లితే క్షణాల్లో రాయిలా బిగుస్తుంది. పొగ కళ్లకు మంట పుట్టిస్తుంది, కిటికీ తీసి చేయండి. కట్టడం మొత్తం ట్యాంకు బయట, అట్టముక్క మీద చేశాను. వెనక గాజుకీ రాయికీ మధ్య అరచేయి దూరేంత సందు ఉండాలి. లేకపోతే వెనక పేరుకున్నదాన్ని ఏ ట్యూబూ అందుకోలేదు.

నీళ్ల విషయంలో రాజీ లేదు. ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్ఓ మిషన్ పనికిరాదు. రుచి కోసం అందులో కొంత మామూలు నీటిని కలుపుతారు, కొన్నింట్లో మినరల్ కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. టీడీఎస్ మీటర్ పెడితే 50 నుంచి 100 దాకా చూపిస్తుంది. మనకు కావాల్సింది సున్నా. సెడిమెంట్, కార్బన్, 75 జీపీడీ (రోజుకు గ్యాలన్లు) మెంబ్రేన్, చివర మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ ఉన్న ఆర్ఓడీఐ యూనిట్ పెట్టాను. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే ఒత్తిడి మెంబ్రేన్‌కు చాలదు, బూస్టర్ పంపు తప్పదు. బోరు నీళ్లయితే డీఐ రెజిన్ చూస్తుండగానే అయిపోతుంది, మున్సిపల్ నీళ్లు వచ్చే వేళలోనే నింపుకోవడం మేలు. లీటరు మంచి నీళ్లకు మూడు నాలుగు లీటర్లు వృథాగా పోతాయి, వాటిని ఇల్లు తుడవడానికి వాడేయొచ్చు. విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవాళ్లకు సముద్రం పక్కనే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఒడ్డున తీసుకున్న నీళ్లలో ఊరి మురుగు కలిసి ఉంటుంది. పైగా వానాకాలం తర్వాత నదుల వరద కలిసి బంగాళాఖాతం పైనీటి ఉప్పు బాగా తగ్గిపోతుంది. శుద్ధి చేసుకునే ఏర్పాటు లేకపోతే ఆ జోలికి పోకపోవడమే నయం.

ఉప్పు అంటే మెరైన్ సాల్ట్ మిక్సే. కల్లుప్పులో కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) ఉండవలసిన పాళ్లలో ఉండవు. లీటరుకు సుమారు 38 గ్రాములు, 180 లీటర్లకు 6.8 కిలోలు పట్టింది. నీళ్లలో పంపు తిరుగుతుండగా ఉప్పును కొద్దికొద్దిగా చల్లాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. ఒకేచోట గుమ్మరిస్తే కాల్షియం కార్బొనేటు తెల్లటి పొడిలా విడిపోయి అడుగున దిగుతుంది. దాన్ని మళ్లీ కరిగించలేరు, ఆ మేరకు ఆల్కలినిటీ పోయినట్టే. మొదటిసారి మాత్రం రాళ్లు పెట్టకముందు ట్యాంకులోనే కలపొచ్చు. లవణీయత 35 పీపీటీ, అంటే 25 డిగ్రీల దగ్గర సాంద్రత సుమారు 1.026. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను డిస్టిల్డ్ నీళ్లతో సున్నాకు సెట్ చేసి వదిలేస్తే 35 దగ్గర తప్పు చూపించే అవకాశం ఉంది. 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం చిన్న సీసా కొనుక్కుని దానితో సెట్ చేయాలి.

నీళ్లు తిరగడం మొదలయ్యాక చేయాల్సిన మొదటి పరీక్ష కరెంటు తీసేయడం. సంప్ నుంచి నీళ్లను పైకి పంపే రిటర్న్ పంపు ఆగగానే పైనున్న నీళ్లు ఓవర్‌ఫ్లో అంచు దాకా సంప్‌లోకి దిగుతాయి. ఈ ట్యాంకులో మట్టం ప్రతి 2.5 సెంటీమీటర్లు పడితే 9.5 లీటర్లు కిందికి వస్తాయి, పైపుల్లోది అదనం. రిటర్న్ పైపు మూతి లోతుగా మునిగి ఉంటే అది సైఫన్‌లా మారి ఇంకా లాగేస్తుంది. మూతిని నీటి మట్టానికి రెండు సెంటీమీటర్ల కిందే ఉంచాను, నీళ్లు అంతకంటే దిగగానే గాలి పీల్చి ఆగిపోతుంది. నాన్ రిటర్న్ వాల్వ్‌ను నమ్ముకోవద్దు. ఉప్పునీళ్లలో అది ఏదో ఒకరోజు పట్టేస్తుంది. అంతా దిగాక సంప్‌లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి, నడిచేటప్పుడు ఉండాల్సిన మట్టాన్ని మార్కర్‌తో గీసి పెట్టాను.

కరెంటు పనిలో మూడే చెబుతాను. ట్యాంకు లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే స్విచ్చి), ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా, ప్లగ్గులు సంప్ పైన కాకుండా పక్క గోడకు. ఇన్వర్టర్ మీద వేవ్‌మేకర్లు, అంటే ట్యాంకులో నీటిని కదిలించే పంపులు, మాత్రం ఉన్నా చాలు, ఆక్సిజన్ నిలబడుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఏసీ పంపులు బుర్రుమంటూ వేడెక్కుతాయి, డీసీ పంపులకు ఆ గొడవ లేదు.

ఇక కదలిక. గంటకు 4,000 లీటర్ల వేవ్‌మేకర్లు రెండు, చెరో పక్క గాజుకు. పై ట్యాంకు నీళ్లు 150 లీటర్లనుకుంటే గంటకు యాభైసార్లకు పైగా తిరుగుతున్నట్టు లెక్క. ఇసుక ఉంటే ఇంత పెట్టలేం. రిటర్న్ పంపు వేరుగా గంటకు 1,200 లీటర్లు. చేప మేత గుళికలు చిటికెడు నలిపి పొడిచేసి పైన వదిలితే అసలు బొమ్మ కనబడుతుంది. మొదట పొడి అంతా గిరగిరా తిరుగుతుంది. అరగంట తర్వాత టార్చి వేసి అడుగున చూస్తే ముందు ఎడమ మూలలో ఒక కుప్ప, రాయి వెనక కాలి దగ్గర సన్నని చాలు. వేవ్‌మేకర్‌ను వేలెడంత కిందికి తిప్పితే ఆ చాలు మాయమై ఇంకోచోట తేలుతుంది. అన్ని మూలలూ శుభ్రంగా ఉండాలని పట్టుబట్టడం అనవసరం. చెత్త చేరేది చేయి అందే ఒక్కచోట అయితే చాలు, అదీ ముందువైపు. ఆ ఒక్క మూలను కావాలనే నిశ్చలంగా వదిలేశాను.

ఆ మేత పొడికి ఇంకో పని కూడా ఉంది. శుద్ధమైన నీళ్లు, కొత్త సిరామిక్ రాయి కలిస్తే నీళ్లలో ఫాస్ఫేటు దాదాపు సున్నా. నైట్రిఫయింగ్ బాక్టీరియాకు అమ్మోనియా ఒక్కటే చాలదు, ఫాస్ఫరస్ కూడా కావాలి. అమ్మోనియా వేసి రోజులు గడిచినా కదలడం లేదని వాపోయే కొన్ని ట్యాంకుల్లో అసలు లోటు ఇదే. చిటికెడు మేతతో తీరిపోతుంది.

సైకిల్‌కు చచ్చిన రొయ్య వేయడం పాత పద్ధతి. వాసన తప్ప దానిలో కొలత లేదు. నేను అమోనియం క్లోరైడ్ వాడాను. కళాయి పోసేవాళ్లు వాడే నవాసారం అదే పదార్థం, కానీ బజారులో దొరికేదానిలో ఏ లోహం కలిసి ఉందో చెప్పలేం, ల్యాబ్ రకమే కొనాలి. లెక్క సులువు: లీటరు నీళ్లలో అమ్మోనియా 1 పీపీఎం పెరగాలంటే 3.14 మిల్లీగ్రాములు. 180 లీటర్లకు 2 పీపీఎం కావాలంటే 1.13 గ్రాములు. ఇంట్లో అంత చిన్న తూకం కుదరదు కాబట్టి 10 గ్రాములు ఒక లీటరు ఆర్ఓడీఐ నీళ్లలో కరిగించి సీసాలో పెట్టుకుంటే, ఒక్కో మోతాదుకు 113 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది. సీసా మీద పేరు రాసి, పిల్లలకు అందకుండా పెట్టండి. తొందరపడి 5 పీపీఎం దాటించవద్దు, బాక్టీరియా పెరగడం నెమ్మదిస్తుంది.

బాక్టీరియా సీసా కొనేటప్పుడు అది ఏ కంపెనీదన్నదాని కంటే దారిలో ఎంత ఎండ తిన్నదన్నదే ముఖ్యం. మే నెలలో కొరియర్ వ్యానులో నాలుగు రోజులు ప్రయాణించిన సీసా మీద ఆశలు పెట్టుకోవద్దు. ఫ్రిజ్‌లో ఉంచి అమ్మే దుకాణం నుంచి, గడువు తేదీ చూసి తెచ్చుకోవాలి. వేసే ముందు బాగా కుదపాలి, అడుగున పేరుకున్న గసే అసలు సరుకు. సగం నేరుగా రాళ్ల మీద, సగం సంప్‌లోని దిమ్మెల మీద పోశాను. మొదటి రెండు రోజులు స్కిమ్మర్ (నురగతో మలినాలను తీసేసే పరికరం), ఫిల్టర్ సాక్ (చెత్తను వడకట్టే గుడ్డ సంచి) తీసేయాలి. నీటిలోని సూక్ష్మజీవుల్ని చంపే యూవీ దీపం ఉంటే సైకిల్ అయ్యేదాకా ఆపేయాలి. లైట్లు కూడా అక్కర్లేదు, వేస్తే నాచుకు ముందుగానే పిలుపు పంపినట్టే. ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీలు ఉంటే పని చురుగ్గా సాగుతుంది.

అమ్మోనియా పరీక్షలో ఒక చిన్న కిటుకు. సాలిసిలేట్ రకం కిట్‌లో సున్నా అంటే పసుపు, పెరిగేకొద్దీ ఆకుపచ్చ. ట్యాంకు నీలం లైటు కింద చూస్తే పసుపు కూడా ఆకుపచ్చగా కనబడుతుంది. పగటి వెలుతురులో, తెల్ల కాగితం ముందు పెట్టి చూడాలి. అనుమానం ఉంటే కొత్తగా కలిపిన ఉప్పునీళ్లతో ఇంకో గొట్టం చేసి పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. నైట్రేటు పరీక్షకు ఇంకో చిక్కు ఉంది. అది నైట్రేటును నైట్రైటుగా మార్చి కొలుస్తుంది కాబట్టి, నీళ్లలో అప్పటికే నైట్రైటు ఉంటే అంకె బాగా ఎక్కువ చూపిస్తుంది. నైట్రైటు దిగేదాకా ఆ కిట్ తెరవకపోయినా నష్టం లేదు.

మొదట అమ్మోనియా తగ్గుతుంది, తర్వాత నైట్రైటు ఎక్కి చాలాకాలం అక్కడే కూర్చుంటుంది. ఉప్పునీళ్లలో క్లోరైడు విపరీతంగా ఉండడం వల్ల నైట్రైటు చేపల మొప్పల్లోకి చొరబడలేదు, మంచినీటి ట్యాంకులో ఉన్నంత ప్రమాదం ఇక్కడ లేదు. కాబట్టి దాని కోసం నీళ్లు మార్చి హైరానా పడక్కర్లేదు. అమ్మోనియా 0.5 కంటే తగ్గినప్పుడల్లా మళ్లీ 113 మిల్లీలీటర్లు. ఒక్కో మోతాదు చివరికి 7 పీపీఎం నైట్రేటుగా మారుతుంది, ఆల్కలినిటీని 0.65 డీకేహెచ్ (దాని కొలమానం) తినేస్తుంది. నాలుగైదు మోతాదులకే మూడు డీకేహెచ్ పడిపోతుందన్నమాట. అది 6 కంటే దిగితే పీహెచ్ కూడా జారి బాక్టీరియా మందగిస్తుంది. 180 లీటర్లకు 1 డీకేహెచ్ పెంచడానికి వంటసోడా సుమారు 5.4 గ్రాములు, నీళ్లలో కరిగించి పోయాలి. బేకింగ్ పౌడర్ కాదు. 2 పీపీఎం అమ్మోనియా వేస్తే 24 గంటల్లో సున్నాకు దిగిందంటే, అది రెండోసారి కూడా జరిగిందంటే, సైకిల్ అయినట్టే. ఇలా పెట్టిన ట్యాంకులకు మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఎండాకాలంలో పెట్టేవాళ్లకు ఆవిరి పెద్ద తలనొప్పి. హైదరాబాద్ పొడి వేడిలో నీటి మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు తేలిగ్గా దిగుతుంది. విజయవాడ, విశాఖల ఉక్కపోతలో ఆ కిటుకు అంతగా పనిచేయదు, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమే దిక్కు. చిల్లర్‌ను స్టాండు లోపల పెడితే అది వదిలే వేడిగాలి మళ్లీ సంప్‌కే తగులుతుంది, బయట పెట్టాలి. ఫ్యాన్లతో రోజుకు నాలుగు లీటర్ల దాకా ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం లోపలే ఉంటుంది. ఒక్కరోజు నింపకపోతే 35 కాస్తా 35.8. నింపాల్సింది ఆర్ఓడీఐ నీళ్లు, ఉప్పునీళ్లు కాదు. ఫ్లోట్ స్విచ్చితో ఆటో టాప్ ఆఫ్, అంటే ఆవిరైన మేరకు నీళ్లు దానంతటదే నింపే ఏర్పాటు, పెట్టుకుంటే ఊరెళ్లినా బెంగ ఉండదు. టాప్ ఆఫ్ డబ్బా మాత్రం చిన్నదే ఉండాలి, స్విచ్చి పట్టేస్తే మొత్తం దిగినా సంప్ పొంగకూడదు.

సైకిల్ అయ్యాక సగం నీళ్లు మార్చాను. బాక్టీరియా రాళ్లను పట్టుకుని ఉంటుంది కాబట్టి పోదు. నైట్రేటును 5 నుంచి 10 మధ్యకు తేవాలి, సున్నాకు కాదు. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నా అయితే కొత్త బేర్ బాటమ్ ట్యాంకుల్లో డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు అలుముకుంటాయి. బుడగలు పట్టుకున్న గోధుమరంగు జిగురు తీగలు, రాత్రి తగ్గి పగలు పెరుగుతాయి. అవి వస్తే నీళ్లు మార్చేకొద్దీ ఇంకా రెచ్చిపోతాయి. మామూలు గోధుమ పొడి, వేలితో రాస్తే పోయేది, డయాటమ్ అనే సూక్ష్మ నాచు. దానికి కంగారు అక్కర్లేదు, సిలికా అయిపోగానే పోతుంది. తర్వాత పచ్చనాచు వస్తుంది. గాజు అడుగున ఉన్నదాన్ని పాత ఏటీఎం కార్డుతో గీకేస్తున్నాను.

చెత్త లాగడానికి 10 ఎంఎం గట్టి ట్యూబు, దానికి మెత్తటి పైపు, పైపు చివర సంప్‌లోని ఫిల్టర్ సాక్‌లో. నీళ్లు మళ్లీ ట్యాంకులోకే వస్తాయి కాబట్టి రోజు విడిచి రోజు చేసినా ఉప్పు ఖర్చు లేదు. సాక్‌ను మూడు రోజులకు మించి ఉంచకూడదు, పట్టిన చెత్త అందులోనే కుళ్లితే లాగిన ప్రయోజనం పోతుంది. కొత్త స్కిమ్మర్ మొదట్లో పొంగుతుందో, అసలు నురగే పట్టదో చెప్పలేం. వారం పది రోజులు దాన్ని దాని మానాన వదిలేసి, తర్వాత సరిచేయండి.

మొదటి చేపలుగా పెంపకంలో పుట్టిన ఒసెల్లారిస్ క్లౌన్లు రెండు తీసుకోవడం సబబు. క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించే పద్ధతిని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) మన దేశంలోనే రూపొందించింది, సముద్రంలో పట్టినవాటి కోసం వెతకనక్కర్లేదు. వేరే ట్యాంకులో నాలుగు వారాలు ఉంచి చూశాకే ఇందులోకి. నత్తల్లో ట్రోకస్, టర్బో పనికొస్తాయి. నస్సారియస్ ఇసుకలో దాక్కునే జీవి, దానికిక్కడ చోటు లేదు. ఇసుక జల్లెడపట్టే గోబీలు, బొరియలు తవ్వే జా ఫిష్ కూడా అంతే. రాత్రి ఇసుకలో దూరి నిద్రపోయే రాస్ చేపల మీద మరీ మోజుంటే, లోతైన గాజు గిన్నెలో ఐదారు సెంటీమీటర్ల సన్న అరగొనైట్ ఇసుక పోసి రాయి చాటున పెట్టొచ్చు. నెలకోసారి ఆ గిన్నెను బయటికి తీసి ఉప్పునీళ్లతో కడిగి పెట్టాలి.